సౌర వాచీ ధరకు తగినంత మన్నుతుందా? ఏళ్ల తరబడి వాడినవారు చెప్పగలరు

సాగర్_కుడికాలువ (పల్నాడు)

అందరికీ నమస్కారం. నేను కాలువ పనుల దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. రోజులో ఎనిమిది తొమ్మిది గంటలు ఎండలో, సిమెంటు దుమ్ములో, అప్పుడప్పుడు మోకాలి లోతు నీళ్లలో గడుస్తాయి. ఎనిమిదేళ్ల క్రితం నాలుగు వేలు పెట్టి ఒక మామూలు క్వార్ట్జ్ వాచీ కొన్నాను. ఈ ఎనిమిదేళ్లలో మూడుసార్లు సెల్ మార్పించాను. మొదటి రెండుసార్లు ఏ ఇబ్బందీ రాలేదు. మూడోసారి సెల్ వేయించిన పది రోజులకు జల్లులో తడిస్తే ఆ సాయంత్రమే అద్దం లోపల ఆవిరి పట్టింది, నెల తిరిగేసరికి తేదీ మారడం ఆగిపోయింది. సెల్ వేసిన దుకాణం వారిని అడిగితే వాచీ పాతదైందని చెప్పి పంపించారు.

అందుకే ఈసారి వెలుతురుతో నడిచే వాచీ తీసుకోవాలని అనుకుంటున్నాను. పన్నెండు వేల దాకా పెట్టగలను. ఆ డబ్బుతో మామూలు వాచీలు మూడు వస్తాయి కదా అని మా ఇంట్లో అడిగారు, ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఐదేళ్లకు పైగా వాడినవారు, రిపేరు పని తెలిసినవారు నిజంగా ఏమి జరుగుతుందో చెబితే మేలు చేసినవారవుతారు.

లెక్కల_మాష్టారు (రాజమహేంద్రవరం)

మీ ఇంట్లో అడిగిన ప్రశ్న చాలా సరైనది కాబట్టి ముందు దానికే లెక్క వేద్దాం. పన్నెండేళ్ల కాలాన్ని తీసుకోండి. నాలుగు వేల మామూలు వాచీకి రెండున్నరేళ్లకొకసారి సెల్ మార్చినా నాలుగైదు మార్పులు అవుతాయి. ఒక్కో మార్పుకు కూలితో కలిపి రెండు వందలు అనుకుంటే వెయ్యి రూపాయలు, అంటే మొత్తం ఐదు వేలు. సౌర వాచీకి మొదటే పన్నెండు వేలు, ఈ కాలంలో ఒకసారి లోపలి రీఛార్జి సెల్ మార్చవలసి వచ్చిందని అనుకుంటే ఇంకో వెయ్యో పదిహేను వందలో. కేవలం సెల్ ఖర్చు మిగులుతుందన్న ఆశతో సౌర వాచీ కొనేవారికి ఆ ధర ఎన్నటికీ తిరిగి రాదు. అమ్మేవారు ఈ మాట చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. దాని విలువ మరెక్కడైనా ఉంటే, ఆ సంగతి తెలిసినవారు వివరించాలి.

వాచీ_బల్ల (విజయవాడ)

మాష్టారి లెక్కలో తప్పు లేదు. ఇరవై ఏడేళ్లుగా ఇదే బల్ల ముందు కూర్చుని పనిచేస్తున్నవాడిగా, ఆ లెక్కలోకి రాని ఒక్క విషయం చెబుతాను.

సాగర్ గారి వాచీని పాడుచేసింది వయసు కాదు, మూత తెరవడం. వాచీ వెనుక మూతకూ ఒంటికీ మధ్య సన్నని రబ్బరు రింగు ఉంటుంది. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది ఆ రింగే. మూత తెరిచిన ప్రతిసారీ దాన్ని తీసి శుభ్రం చేసి, సాగిందో నలిగిందో చూసి, కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి, గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి మూత బిగించాలి. ఆపైన గాలి ఒత్తిడి యంత్రంలో పెట్టి పరీక్షించాలి. ఇదంతా జరిగితే సెల్ మార్పుకు అరగంట పడుతుంది. బస్టాండు పక్కన ఐదు నిమిషాల్లో వందకో నూటయాభైకో అయిపోయే పనిలో ఇందులో ఏ ఒక్కటీ జరగదు. రింగు మీద ఒక వెంట్రుక పడినా, గాడిలోంచి కాస్త పక్కకు జరిగినా, వాచీ పైకి బాగానే కనిపిస్తుంది కానీ మొదటి వానకే తడిని లోపలికి పీలుస్తుంది. నా దగ్గరకు తడిసి వచ్చే వాచీల్లో ఎక్కువ భాగం సెల్ మార్చిన కొద్ది రోజుల్లోనే తడిసినవి.

కాబట్టి సౌర వాచీ కొనేటప్పుడు మీరు డబ్బు పెడుతున్నది సెల్ మీద ఆదా కోసం కాదు. తయారైన చోట బిగించి, ఒత్తిడి పరీక్ష చేసి పంపిన మూతను పది పదిహేనేళ్లు ఎవరూ కదిలించనవసరం లేకుండా ఉండడం కోసం. నీళ్లలో, దుమ్ములో పనిచేసేవారికి ఈ ఒక్క కారణం చాలు. ఏసీ గదిలో కూర్చునేవారికి ఈ కారణం అంతగా వర్తించదు, వారికి నేను కొనమని చెప్పను.

ఇంకొక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. సౌర వాచీలో బ్యాటరీయే ఉండదని కొందరు దుకాణదారులు చెబుతారు, అది నిజం కాదు. అందులో రీఛార్జి అయ్యే చిన్న లిథియం సెల్ ఉంటుంది. సిటిజన్ వాచీల్లో చాలావాటికి ఎంటీ920 వంటివి, దెబ్బలు తట్టుకునేలా కాసియో చేసే జీ-షాక్ సౌర రకాల్లో చాలావాటికి సీటీఎల్1616 వస్తాయి. అవి బలహీనపడినప్పుడు అదే రకం రీఛార్జి సెల్ వేయాలి. కొలత సరిపోయింది కదా అని మామూలు సిల్వర్ ఆక్సైడ్ సెల్ వేస్తే, వెలుతురు తగిలినప్పుడల్లా ఛార్జి కాకూడని సెల్‌లోకి కరెంటు ఎక్కి అది ఉబ్బి కారుతుంది, లోపలి సర్క్యూటు కూడా దానితోపాటే పోతుంది. ఎవరో అలా వేసిన వాచీలను నా చేతులతో విప్పాను, వాటిని మళ్లీ నడిపించలేకపోయాను.

సాగర్_కుడికాలువ (పల్నాడు)

చాలా ధన్యవాదాలండి. నా వాచీ ఎందుకు పోయిందో ఇన్నాళ్లకు అర్థమైంది. ఇంకొక సందేహం. మా ఇంటి మీద పెట్టిన సోలారు పలకలాంటిది కాలిక్యులేటర్ల మీద పైకే కనిపిస్తుంది. ఈ వాచీల్లో కొన్నింటికి తెల్లని డయల్ తప్ప పలక ఎక్కడా కనిపించడం లేదు. వెలుతురు ఎక్కడి నుంచి లోపలికి వెళుతుంది?

వాచీ_బల్ల (విజయవాడ)

డయల్‌లోంచే వెళుతుంది. కంటికి గట్టి రేకులా కనిపించే ఆ డయల్, వెలుతురులో కొంత భాగాన్ని కిందికి వదిలే పల్చని పదార్థంతో చేసినది, దాని కింద సిలికాన్ పలక ఉంటుంది. మొదటి తరం సౌర వాచీల్లో ఆ పలకను పైనే పెట్టేవారు కాబట్టి అవన్నీ ముదురు ఊదా రంగులో ఉండేవి. వెలుతురుతో నడిచే ముళ్ల వాచీని సిటిజన్ మొదటిసారి 1976లో క్రిస్ట్రాన్ సోలార్ సెల్ పేరుతో తెచ్చింది. పలకను డయల్ కింద దాచిన తరువాతే తెల్లని, వెండి రంగు డయళ్లు వీలయ్యాయి. సిటిజన్ వెలుతురు వాచీల మీద ఇప్పుడు కనిపించే ఎకో-డ్రైవ్ అన్న పేరు 1990ల నడుమ వచ్చింది. మన దేశంలో టైటాన్ కూడా 2011లో హెచ్‌టీఎస్‌ఈ పేరుతో వెలుతురు వాచీలు తెచ్చింది.

క్వార్ట్జ్ వాచీ తినే కరెంటు చాలా తక్కువ కావడం వల్లే ఇది సాధ్యమవుతోంది. లోపలి స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, ఆ కంపనాలను లెక్కపెట్టి ముల్లును సెకనుకొకసారి కదిలించడమే యంత్రం చేసే పని. దానికి గోరంత పలక మీద పడే వెలుతురు సరిపోతుంది.

రాత్రి_డ్యూటీ (వరంగల్)

ఇక్కడ నా అనుభవం చెప్పడం అవసరమనిపించింది. నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. మూడేళ్ల క్రితం ముళ్ల సౌర వాచీ కొనుక్కున్నాను. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీలే. పగలు ఇంట్లో తెరలు వేసుకుని నిద్రపోతాను, వాచీ డ్రాయరులో ఉంటుంది. డ్యూటీలో అది గౌను చేతికింద ఉంటుంది, లేదా జేబులో ఉంటుంది. వెలుతురు చూసేది తక్కువే. నాలుగు వారాలుగా సెకన్ల ముల్లు ఒక్కో సెకనుకు కదలకుండా రెండేసి సెకన్లకొకసారి గెంతుతోంది. పేషెంటు నాడిని అర నిమిషం లెక్కపెట్టేటప్పుడు నా కళ్లు ఆ గెంతు దగ్గర తడబడుతున్నాయి, ఒక్కోసారి మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతున్నాను. ఈ వాచీ పాడైందా? వారంటీ అయిపోయింది. మన్నిక గల వాచీ అని నమ్మి నా జీతానికి మించి ఖర్చు పెట్టాను కాబట్టి బాధగా ఉంది.

వాచీ_బల్ల (విజయవాడ)

అమ్మా, మీ వాచీ పాడుకాలేదు, దానికి ఆకలి వేస్తోంది. నిల్వ బాగా తగ్గినప్పుడు ఆ సంగతి తెలియజేయడానికే సెకన్ల ముల్లును రెండేసి సెకన్లకు గెంతేలా తయారుచేశారు. సిటిజన్‌లోనూ సీకోలోనూ ఈ ఏర్పాటు ఉంది. గెంతుతున్నా సమయం సరిగానే చూపిస్తుంది, కానీ మరికొన్ని రోజుల్లో ఆగిపోతుంది. ఉదయం ఎండ పడే కిటికీ గట్టు మీద డయల్ పైకి ఉండేలా నాలుగైదు రోజులు, రోజుకు కొన్ని గంటల చొప్పున ఉంచండి. మధ్యాహ్నపు మండుటెండలో మేడ మీద మాత్రం పెట్టవద్దు. అలా ఉంచినా నిలవకుండా పది రోజుల్లో మళ్లీ గెంతడం మొదలైతే అప్పుడు సెల్‌ను అనుమానించాలి.

నేను చూసినంతలో సౌర వాచీల సెల్ పోవడానికి పెద్ద కారణం ఎక్కువ వాడటం కాదు. బీరువాలో చీకట్లో ఏళ్ల తరబడి పెట్టి, నిల్వ పూర్తిగా ఖాళీ అయిన స్థితిలో వదిలేయడం. ఆ స్థితిలో ఎక్కువ కాలం ఉన్న సెల్ మళ్లీ పూర్తిగా కోలుకోదు. పెళ్లికి బహుమతిగా వచ్చిన వాచీని డబ్బాలోనే దాచి, ఐదేళ్ల తరువాత తీసి నడవడం లేదని తెచ్చేవారు ఎందరో.

లెక్కల_మాష్టారు (రాజమహేంద్రవరం)

ఆ తల్లి ప్రశ్నకు సంఖ్యలతో కూడా జవాబు ఇవ్వవచ్చు. మా అబ్బాయి దగ్గర కాసియో జీడబ్ల్యూ-ఎం5610 అనే అంకెల సౌర వాచీ ఉంది, దాని వాడుక పుస్తకంలో ఒక రోజు నడకకు కావలసిన వెలుతురు ఎంతో రాశారు. లక్స్ అంటే వెలుతురు కొలత. ఆరుబయట 50,000 లక్స్ ఎండలో 5 నిమిషాలు, కిటికీ లోపలికి పడే 10,000 లక్స్ ఎండలో 24 నిమిషాలు, మబ్బు పట్టిన రోజున కిటికీ దగ్గర 5,000 లక్స్‌లో 48 నిమిషాలు, గదిలో ట్యూబులైటు కింద 500 లక్స్‌లో 8 గంటలు. ప్రతి జతనూ గుణించి చూడండి, ఇంచుమించు 2,40,000 దగ్గరే నిలుస్తుంది. అంటే మసక వెలుతురు కూడా పనికివస్తుంది, కాకపోతే దానికి తగినంత సమయం ఇవ్వాలి.

ఇప్పుడు వార్డు సంగతి చూడండి. రాత్రి దీపాలు తగ్గించిన వార్డులో 500 లక్స్ కూడా ఉండదు, పైగా వాచీ గుడ్డ కింద ఉంటుంది. అక్కడ ఎనిమిది గంటలు ఉన్నా ఆ ఒక్క రోజు ఖర్చు కూడా రాదు. ప్రతి రోజూ కొంత లోటు పడి, నెలల తరబడి ఆ లోటు పేరుకుంటే ఎంత నిల్వ ఉన్నా కరిగిపోతుంది. అదే సాగర్ గారి చేతికి ఒక్క పూటలో పడే ఎండ చాలా రోజుల ఖర్చుకు సరిపోతుంది. ముళ్ల వాచీ లెక్క సంఖ్యల్లో కొంత వేరుగా ఉన్నా పద్ధతి ఇదే. ఎంత మంచి వాచీ అన్నదానికంటే, అది ఎవరి చేతికి ఉండబోతోంది అన్నది ముందు అడగాలని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

భావనపాడు_తీరం (శ్రీకాకుళం జిల్లా)

నేను మరపడవల ఇంజన్లు బాగుచేస్తాను. పదకొండేళ్లుగా ఒకే సౌర వాచీ వాడుతున్నాను, సిటిజన్ ప్రోమాస్టర్ వారి 200 మీటర్ల డైవర్ రకం. ఈ పదకొండేళ్లలో దాని మూత ఒక్కసారే తెరిచాం, అది కూడా రింగు మార్పించడానికే. లోపలి సెల్ మొదటిదే.

ఉప్పునీటి సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. వాచీని చంపేది సముద్రపు నీళ్లలో మునగడం కాదు, మునిగాక కడగకపోవడం. ఉప్పు ఆరి పట్టీ పిన్నుల దగ్గర, తిరిగే గుండ్రని చట్రం కింద గట్టిపడుతుంది. పడవ దిగగానే మంచినీళ్లతో కడిగితే ఆ బాధ ఉండదు. నా వాచీతో వచ్చిన రబ్బరు పట్టీ మూడేళ్లకే చీలిపోయింది. ఆ కంపెనీ పట్టీ ధర విని ఆశ్చర్యపోయి, తరువాత నైలాను గుడ్డ పట్టీలు వేసుకుంటున్నాను. కొనేముందు పట్టీ వేసే చోట మామూలు పిన్ను ఉందో, ఆ వాచీకి మాత్రమే సరిపోయే పట్టీ కావాలో తప్పకుండా చూసుకోండి. రెండో రకమైతే వాచీ నడుస్తూనే ఉంటుంది కానీ పట్టీ దొరకక మూలన పడుతుంది.

డబ్బా మీద రాసిన లోతును కూడా అక్షరాలా నమ్మవద్దు. 5 బార్ అంటే 50 మీటర్ల లోతుకు వెళ్లవచ్చని కాదు, చేతులు కడుక్కోవడానికి, వానకు, కాస్త ఈతకు సరిపోతుందని అర్థం. నీళ్లలో పని ఉన్నవారు కనీసం 10 బార్ తీసుకోవాలి, మాలాంటివారు 20 బార్ తీసుకోవాలి. నిజమైన డైవర్ వాచీకి ఐఎస్‌ఓ 6425 అనే ప్రమాణం ఉంది, ఆ పరీక్ష నెగ్గినవాటి మీదే డైవర్స్ అన్న మాట రాస్తారు.

డల్లాస్_తెలుగు (టెక్సాస్)

మాష్టారు చెప్పిన జీడబ్ల్యూ-ఎం5610 నాదీ కాబట్టి దాని ధరలో ఒక భాగం గురించి చెప్పాలి. ఆ వాచీ ప్రతి రాత్రీ రేడియో సంకేతం అందుకుని తన సమయాన్ని తానే సరిచేసుకుంటుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం ఫోర్ట్ కాలిన్స్ నుంచి 60 కిలోహెర్ట్జ్ మీద ఆ సంకేతం వస్తుంది. జపానులో రెండు కేంద్రాలు, జర్మనీలో మైన్‌ఫ్లింగెన్, ఇంగ్లండులో ఆంథార్న్, చైనాలో షాంగ్‌చియు ఉన్నాయి. ఇక్కడ కిటికీ దగ్గర పెట్టి పడుకుంటే ఉదయానికి సెకనుతో సహా సరిపోతుంది, ఇక్కడ వేసవిలో గడియారాలను గంట ముందుకు జరిపే మార్పు కూడా దానంతట అదే చేసుకుంటుంది.

కానీ సెలవులకు గుంటూరు వచ్చినప్పుడు ఈ సౌకర్యం పూర్తిగా నిద్రపోతుంది. ఆంధ్ర, తెలంగాణలకు ఈ ఆరు కేంద్రాల్లో ఏ ఒక్కటీ అందదు. నగరాన్ని ఢిల్లీగా పెడితే వాచీ సంకేతం కోసం వెతకడం కూడా మానేస్తుంది, నెలకు 15 సెకన్ల వరకు అటూఇటూ అయ్యే మామూలు క్వార్ట్జ్ వాచీలా నడుస్తుంది. అక్కడ ఉండేవారు రేడియో కోసం అదనంగా డబ్బు పెట్టడం వృథా. సెకన్లు కచ్చితంగా కావాలంటే ఫోనుతో బ్లూటూత్ ద్వారా సరిచూసుకునే రకాలు ఉన్నాయి, ఉపగ్రహ సంకేతం అందుకునే ఖరీదైన సీకో ఆస్ట్రాన్ వంటివి ఉన్నాయి. కాలువ పనికి అంత అవసరమని నాకు అనిపించడం లేదు. అదే రూపంలో రేడియో లేని సౌర రకం తక్కువ ధరకు దొరుకుతుంది, సాగర్ గారు దాన్ని వెతకడం మేలు.

నల్లగొండ_సైకిల్

అందరూ సౌర వాచీని మూత తెరవని వాచీగా పొగుడుతున్నారు కాబట్టి ఒక అభ్యంతరం చెప్పాలి. కాసియో ఏఈ-1200 అనే వాచీకి వేసిన మామూలు లిథియం సెల్ పదేళ్లు వస్తుందని కంపెనీయే రాసింది, నీటి రక్షణ 10 బార్. ధర సుమారు మూడు వేలు. నేను దాన్ని ఏడేళ్లుగా పెట్టుకుంటున్నాను, రోజూ సైకిలు మీద ఎండకూ వానకూ తిరుగుతాను, మూత ఇంతవరకు తెరవలేదు. పదేళ్లు మూత తెరవకపోవడమే కావలసినదైతే, దానికి నాలుగు రెట్లు ఎందుకు పెట్టాలి? పైగా నేను దాన్ని చీకట్లో పెట్టినా ఆగదు, వరంగల్ అమ్మగారికి వచ్చిన సమస్య నాకు రాదు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, రబ్బరు రింగు పదేళ్లకు తనంతట తానే గట్టిపడిపోతుంది కదా. మూత తెరవకపోయినా దాని వయసు ఆగదు. సౌర వాచీ వారు ఈ మాటకు జవాబు చెప్పాలి.

వాచీ_బల్ల (విజయవాడ)

మీ అభ్యంతరం న్యాయమైనది, దానికి నేను తలవంచుతున్నాను. గదుల్లో ఉండేవారికి, విద్యార్థులకు, రాత్రి పనివారికి మీరు చెప్పిన పదేళ్ల సెల్ వాచీయే సరైనది. నా కూతురు ఇంటర్‌లో చేరినప్పుడు నేను అదే తరహా వాచీ కొనిచ్చాను. రింగు సంగతి కూడా మీరు చెప్పినట్టే. సౌర వాచీ అయినా నీళ్లలో వాడేవారు నాలుగైదేళ్లకొకసారి రింగును చూపించాలి. తేడా ఏమిటంటే, ఆ పనికి మీరు తీరిక చూసుకుని, నమ్మకమైన మనిషి దగ్గరకు, పరీక్ష యంత్రం ఉన్న చోటికి వెళతారు. సెల్ అయిపోయిన వాచీని మాత్రం ఆగిన రోజున ఏ దుకాణం దగ్గరుంటే అక్కడ తెరిపిస్తారు. సాగర్ గారికి జరిగినది అదే.

పదేళ్ల సెల్ విషయంలో ఒక షరతు ఉంది. రోజుకు ఒకసారి దీపం, ఒకసారి అలారం అన్న లెక్క మీద కంపెనీ ఆ పదేళ్లు రాస్తుంది. రాత్రి సైట్‌లో పదిసార్లు దీపం వేసేవారికి అంతకాలం రాదు. సౌర వాచీలో ఎంత దీపం వాడినా మర్నాటి ఎండ దాన్ని తీర్చేస్తుంది. రెండోది దెబ్బలు. ఆ మూడు వేల వాచీ మంచిదే కానీ కాంక్రీటు మీద పడితే తట్టుకునేలా దాన్ని కట్టలేదు. జీ-షాక్ పుట్టిందే ఆ పని కోసం. కికువో ఇబె అనే ఇంజనీరు బృందం 10 మీటర్ల ఎత్తు నుంచి పడినా ఆగని వాచీ, 10 బార్ నీటి రక్షణ, 10 ఏళ్ల సెల్ అనే మూడు లక్ష్యాలు పెట్టుకుని పనిచేసి 1983 ఏప్రిల్‌లో మొదటిది విడుదల చేసింది. ఆ చతురస్రపు రూపమే ఈనాటికీ దాదాపు మారకుండా వస్తోంది.

అద్దం గురించి ఎవరూ అడగలేదు, కానీ సిమెంటు పనివారికి అది ముఖ్యం. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలతలో 7. మామూలు మినరల్ అద్దం దానికంటే మెత్తన, కాబట్టి ఇసుక రాసుకుంటే గీతలు పడతాయి. నీలమణి అద్దం 9, దానికి ఇసుక గీతలు పడవు, కానీ గట్టి దెబ్బ తగిలితే పగలవచ్చు. జీ-షాక్ చతురస్రాల్లో అద్దం చట్రం కంటే లోతుగా కూర్చుని ఉంటుంది కాబట్టి మినరల్ అయినా చాలాకాలం నిలుస్తుంది.

సాగర్_కుడికాలువ (పల్నాడు)

ఇంత శ్రద్ధగా చెబుతున్నందుకు అందరికీ నమస్కారాలు. నన్ను ఇంకా వేధిస్తున్నది మా ఎండ. రెంటచింతల ఎండల గురించి వినని తెలుగువారు ఉండరు. మేలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అంత ఎండ ఛార్జింగుకు మేలు చేస్తుందా, లేక సెల్‌ను ఉడికిస్తుందా? జీపులో ముందు అద్దం దగ్గర వాచీ పెట్టే అలవాటు కూడా నాకుంది.

వాచీ_బల్ల (విజయవాడ)

ఆ అలవాటు ఈ రోజే మానేయండి. చేతికి ఉన్నంతసేపు మీ ఒంటి చర్మమే వాచీ వేడిని కొంత అదుపులో ఉంచుతుంది, కాబట్టి 45 డిగ్రీల ఎండలో పెట్టుకుని తిరగడానికి భయం లేదు. తలుపులు మూసిన జీపులో ముందు అద్దం కింద వేడి 60 డిగ్రీలు దాటిపోతుంది. అంత వేడిలో ఛార్జి చేయవద్దని కంపెనీల వాడుక పుస్తకాలే హెచ్చరిస్తాయి, ఎందుకంటే సెల్ ఆయుష్షు తరుగుతుంది, రింగు త్వరగా గట్టిపడుతుంది. అంకెల వాచీ అయితే తెర మొత్తం నల్లబడిపోతుంది. చల్లబడ్డాక తెర మామూలవుతుంది కానీ సెల్‌కు జరిగిన నష్టం తిరిగి రాదు. అదేవిధంగా త్వరగా ఛార్జి అవుతుందని వేడి బల్బుకు ఆనించి పెట్టవద్దు. ఎల్ఈడీ దీపం కింద జానెడు ఎడంగా పెడితే ప్రమాదం లేదు.

రెజిన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన వాచీకి చెమట, మనం చర్మానికి రాసుకునే దోమల మందు రెండూ శత్రువులే. డీట్ అనే రసాయనం కలిసిన మందు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రాసుకున్న చేతికి కాకుండా రెండో చేతికి పెట్టుకోండి, వారానికొకసారి సబ్బు నీళ్లతో మెత్తని బ్రష్‌తో కడగండి.

లెక్కల_మాష్టారు (రాజమహేంద్రవరం)

నా మొదటి లెక్కను నేనే సవరిస్తున్నాను. సాగర్ గారి నాలుగు వేల వాచీ పన్నెండేళ్లు రాలేదు, ఎనిమిదేళ్లకే తడిసి పోయింది. ఆయన పనిలో పన్నెండేళ్లకు అలాంటివి రెండు కావాలి, సెల్ ఖర్చుతో కలిపి తొమ్మిది వేలు దాటుతుంది. రేడియో లేని సౌర రకం ఆ ధరకే వస్తే రెండూ సమానమైనట్టే. వార్డులో ఉన్న అమ్మకు, సైకిలు మిత్రునికి ఈ లెక్క వర్తించదు.

సెల్లే లేని వాచీ మా తరానికి కొత్త కాదు. 1961లో హెచ్‌ఎంటీ వారు సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టారు. ఉద్యోగంలో చేరినప్పుడు నేను కొన్న జనతా వాచీకి రోజూ ఉదయం కీ ఇచ్చేవాణ్ణి, ఇప్పటికీ నడుస్తోంది. కానీ దాన్ని వానలో తడపలేను, మూడు నాలుగేళ్లకొకసారి నూనె మార్పించాలి, ఆ పని తెలిసిన చేతులు మా ఊళ్లో ఇద్దరే మిగిలారు. అందుకే కాలువ గట్టు మీద ఉండే మనిషికి దాన్ని సిఫారసు చేయడం లేదు.

డల్లాస్_తెలుగు (టెక్సాస్)

కొనేముందు ఒక జాగ్రత్త చెబుతాను. జీ-షాక్ నకిలీలు విపరీతంగా ఉన్నాయి, డయల్ మీద సౌర పలకలా రంగు ముద్రించి మామూలు సెల్ వేసి అమ్మేవి కూడా ఉన్నాయి. వెనుక మూత మీద చిన్న గడిలో మాడ్యూల్ సంఖ్య, అంటే లోపలి యంత్రం రకాన్ని తెలిపే సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు జీడబ్ల్యూ-ఎం5610యూ మీద 3495 అని ఉంటుంది. ఆ సంఖ్యతో కాసియో వారి వాడుక పుస్తకాన్ని వెతికి, అందులో ఉన్న బొత్తాల వరస చేతిలో ఉన్న వాచీకి సరిపోతుందో లేదో దుకాణంలోనే చూసుకోండి.

రాత్రి_డ్యూటీ (వరంగల్)

వాచీ బల్ల గారికి కృతజ్ఞతలు. ఐదు రోజులు తూర్పు కిటికీ గట్టు మీద ఉంచాను. మూడో రోజు నుంచే ముల్లు ఒక్కో సెకనుకు కదులుతోంది, రెండు వారాలు గడిచినా మళ్లీ గెంతలేదు. ఇకమీదట పగలు నిద్రపోయేటప్పుడు డ్రాయరులో పెట్టకుండా కిటికీ దగ్గర ఉంచుతాను. నా తరువాత చేరిన అమ్మాయి ఇలాంటిదే కొంటానంటే, సైకిలు గారు చెప్పిన పదేళ్ల సెల్ వాచీ చూడమన్నాను.

సాగర్_కుడికాలువ (పల్నాడు)

నిన్న కొన్నాను. రేడియో లేని సౌర చతురస్రం, 20 బార్. అనుకున్న డబ్బులో మూడు వేలు మిగిలాయి. మాడ్యూల్ సంఖ్య సరిచూసుకున్నాను. దుకాణంలో డబ్బాలోనే ఎన్నాళ్లు ఉందో గానీ నిల్వ సగం దగ్గర చూపించింది. ఈ రోజు కాంక్రీటు పోస్తున్నంతసేపూ చేతికే ఉంది, సాయంత్రానికి ఇంకా నిండలేదు. పూర్తిగా నిండడానికి మరికొన్ని రోజులు పడుతుందనుకుంటున్నాను.

ఇంట్లో మాష్టారి రెండో లెక్క చదివి వినిపించాను, ఒప్పుకున్నారు. మిగిలిన డబ్బుతో పాత వాచీని బాగుచేయించి మా అబ్బాయికి ఇవ్వమన్నారు. వాచీ బల్ల గారూ, ఆదివారం విజయవాడ వస్తున్నాను, తెస్తే చూస్తారా?

వాచీ_బల్ల (విజయవాడ)

తప్పకుండా తీసుకురండి. ఈలోగా దాన్ని బియ్యం డబ్బాలో పెట్టవద్దు, ఆ పొడి లోపలికి పోతుంది. పక్కనున్న బుడిపెను బయటికి లాగి, నీడలో గాలి తగిలే చోట ఉంచండి. లోపల ఆ పాత సెల్ ఇంకా ఉంటే కారే ప్రమాదం ఉంది, కాబట్టి ఆదివారం దాటనివ్వకండి. తేదీ చక్రం మాత్రమే తుప్పు పట్టి ఉంటే బాగుపడుతుంది, తీగచుట్ట దాకా తడి వెళ్లి ఉంటే లోపలి యంత్రం మొత్తం మార్చడమే చౌక. తెరిచి చూశాక మీ ముందే చెబుతాను.